లాంఛనాలను గుర్తుంచుకునేది ఎవరు?

2023 జనవరి 25న, గణతంత్ర దినోత్సవానికి సరిగ్గా ఒక్క రోజు ముందు, రాష్ట్రంలో కవాతు జరగాలా వద్దా అన్న ప్రశ్నకు తెలంగాణ హైకోర్టు జవాబు చెప్పాల్సి వచ్చింది. కవాతుతో సహా వేడుకలు జరపాల్సిందేనని కోర్టు చెప్పింది. మర్నాడు ఆ వేడుక రాజ్‌భవన్‌లో జరిగింది. ఆ వార్తలో చాలామంది గవర్నరుకూ ప్రభుత్వానికీ మధ్య నడుస్తున్న వివాదాన్నే చూశారు. నాకు మాత్రం ఆ సాయంత్రం ప్రోటోకాల్ విభాగంలో ఫోన్లు పట్టుకుని కూర్చున్న ఉద్యోగులు కళ్లముందు మెదిలారు. ఏ దళాలు నడవాలి, బ్యాండు ఎక్కడ నిలబడాలి, వేదిక మీద ఎవరి పక్కన ఎవరి కుర్చీ ఉండాలి, వాహనాలు ఏ గేటు నుంచి రావాలి అన్నవి వారాల తరబడి సాధన చేయించి తేల్చుకోవాల్సిన విషయాలు. అవన్నీ ఒక్క రాత్రికి కుదించుకోవాల్సి వచ్చినప్పుడు ఆ ఉద్యోగికి దారి చూపేవి రెండే రెండు: వెనకటి ఏడాది ఫైలు, లేదా ఆ పని ఇదివరకు చేసిన మనిషి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ పని చేసే సమర్థులు ఉన్నారు. వాళ్లకు తెలిసినదాన్ని వాళ్ల తర్వాత కూడా నిలిపి ఉంచే వ్యవస్థ మాత్రం లేదు. రాజ్య వేడుకలనూ రాజ్య చిహ్నాలనూ కలిపి కనిపెట్టుకుని ఉండే ఒక చిన్న, శాశ్వతమైన, రాజకీయాలతో పని లేని కార్యాలయం మనకు అవసరమన్నది నా వాదన.

కొన్నేళ్ల కిందట ఒక జిల్లా కేంద్రంలో జనవరి 25 సాయంత్రం పోలీసు పరేడ్ గ్రౌండులో కాసేపు నిలబడ్డాను. ఒకపక్క సున్నంతో గీతలు వేస్తున్నారు, ఇంకోపక్క షామియానా కింద కుర్చీలకు పేర్ల చీటీలు అంటిస్తున్నారు. జెండా దిమ్మె దగ్గర ఒక హెడ్ కానిస్టేబుల్ ఖాదీ జెండాను మడత పెడుతున్నారు. మడతలో వేయడానికి తెచ్చిన బంతి రేకులను ముందు పళ్లెంలో ఆరబెట్టారు. ఎందుకని అడిగితే, ‘తడి రేకులు బట్టకు అతుక్కుంటాయి సార్, ఇక జెండా విప్పుకోదు’ అన్నారు. ముడి మరీ బిగిస్తే తాడు లాగినా రాదు, వదులుగా వేస్తే రాత్రి గాలికే ఊడిపోతుంది. అందుకని ఆయన మూడుసార్లు కట్టి, మూడుసార్లు లాగి చూసుకున్నారు. ఎవరు నేర్పారంటే, తన ముందు ఆ పని చూసిన ఆయన పేరు చెప్పారు. ఎక్కడైనా రాసి పెట్టారా అన్న ప్రశ్నకు నవ్వి ఊరుకున్నారు. తర్వాత ఆయన బదిలీ మీద వెళ్లిపోయారు. మరుసటి జనవరిలో అదే మైదానంలో ముఖ్య అతిథి తాడు లాగితే జెండా విప్పుకోలేదని, నిచ్చెన తెప్పించాల్సి వచ్చిందని విన్నాను. ఆ రోజు మాటపడ్డ కొత్త ఉద్యోగి తప్పు ఇందులో ఏముంది? ఆయనకు అప్పగించినది తాడు మాత్రమే, తెలివిడి కాదు.

రాసి ఉన్న నియమాలు లేవని కాదు. జాతీయ పతాకాన్ని అవనతం చేసేటప్పుడు ముందు పూర్తి ఎత్తుకు తీసుకెళ్లి ఆ తర్వాతే దించాలని, సాయంత్రం తీసేసే ముందు మళ్లీ ఒకసారి పైదాకా ఎత్తాలని పతాక నియమావళి స్పష్టంగా చెబుతుంది. అధికారిక అంత్యక్రియల్లో పార్థివ దేహం మీద కప్పిన జెండా కాషాయ భాగం తల వైపు ఉండాలి. దాన్ని చితిలో కాల్చకూడదు, సమాధిలోకి దించకూడదు. అయితే ఒక ప్రముఖుడు అర్ధరాత్రి కన్నుమూస్తే, అధికారిక లాంఛనాలు ఇవ్వాలని ప్రభుత్వం తెల్లవారుజామున నిర్ణయిస్తే, మధ్యాహ్నానికల్లా శ్మశానవాటికలో ఆయుధాలు తలకిందులు చేసి నిలబడే దళాన్ని, బ్యూగిల్ ఊదే మనిషిని, చితి వెలిగించే ముందు జెండాను సరైన మడతలో తీసి ఇంటివాళ్ల చేతికి ఇవ్వగల అధికారిని సిద్ధం చేయాలి. ఇంటివాళ్ల దుఃఖం మధ్య, టీవీ కెమెరాల తోపులాట మధ్య, అభిమానుల గుంపు మధ్య ఈ పని తడబాటు లేకుండా జరగాలంటే నియమం తెలిసి ఉంటే చాలదు, చేతికి అలవాటై ఉండాలి.

ఇక్కడ మన భాష ఒక మాట చెబుతోంది, వినాలి. లాంఛనం అంటే చిహ్నం, లాంఛనం అంటే మర్యాద కూడా. తూర్పు చాళుక్యుల రాగి శాసనాలను గుదిగుచ్చే కడియం మీద ముద్ర ఉంటుంది; అందులో వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, వాటితోపాటు ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న బిరుదు. కాకతీయులదీ వరాహ లాంఛనమే, విజయనగర రాజులదీ అదే. విజయనగర బంగారు నాణేనికి వరాహ అన్న పేరే స్థిరపడింది. తూర్పు చాళుక్యుల ఈ వేంగి శాసనాల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం చివరి వాక్యాలు. శాసనంలో చెప్పిన దానాన్ని అమలు చేసిన అధికారి, అంటే ఆజ్ఞప్తి, ఎవరో, కావ్యభాగం కూర్చిన కవి ఎవరో, రేకు మీద చెక్కినవాడెవడో చాలా శాసనాలు పేర్లతో సహా చెబుతాయి. వెయ్యేళ్ల కిందటి రాజ్యం తన ముద్రతో పాటు ఆ పని చేసిన మనుషుల పేర్లనూ దాచుకుంది. మనమేమో లాంఛనప్రాయం అన్న మాటను పనికిమాలిన తంతు అన్న అర్థంలో వాడే స్థితికి వచ్చాం.

చిహ్నాల విషయంలో నష్టం ఇంకా బాగా కనిపిస్తుంది. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు కాకతీయ కళాతోరణం, చార్మినార్ కలిసిన చిహ్నం వచ్చింది. రాచరికపు ఆనవాళ్లు ఉండరాదన్న వాదనతో పదేళ్లకు కొత్త చిహ్నం తయారైంది, 2024 జూన్ 2న ఆవిష్కరిస్తారన్నారు, నిరసనలు వచ్చాక వాయిదా వేశారు. ఆంధ్రప్రదేశ్ 2018లో అమరావతి శిల్పాల్లోని పూర్ణఘటం ఆధారంగా తన చిహ్నాన్ని మార్చుకుంది. మార్పు తప్పని నేను అనడం లేదు. ఒక తోరణం రాజు గుర్తా, లేక దాన్ని చెక్కిన శిల్పి గుర్తా అన్నది నిజంగా చర్చించదగిన ప్రశ్న. ఆ ప్రశ్నను గీతలు, రంగులు, శాసనాలు, నాణేలు ముందు పెట్టుకుని వాదించాల్సిన చోటు ఒకటి ఉండాలి. అది లేదు కాబట్టే ముసాయిదా బొమ్మలు ముందు వాట్సాప్‌లో తిరుగుతాయి, పార్టీలు వాటి మీద కొట్టుకుంటాయి, చివరికి ఒక జీవో వస్తుంది లేదా రాదు. అశోకుడి సింహాలను రాష్ట్ర చిహ్నంలో చేర్చాలంటే కేంద్రం ముందస్తు ఆమోదం ఉండాలని 2007 నాటి నిబంధనలు చెబుతాయి. మిగతా బొమ్మ గురించి అడిగే నిపుణుడు ఈ దారిలో ఎక్కడా ఎదురుపడడు.

తేదీలదీ ఇదే కథ. సెప్టెంబరు 17ను 2022లో కేంద్రం హైదరాబాద్ విమోచన దినోత్సవంగా జరిపింది, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా జరిపింది, 2024 నుంచి అది ప్రజా పాలన దినోత్సవం అయింది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లు నవంబరు 1 అవతరణ వేడుక ఆగిపోయి, జూన్ 2న నవ నిర్మాణ దీక్షలు జరిగి, 2019లో మళ్లీ నవంబరు 1 తిరిగొచ్చింది. పేరు మారినప్పుడల్లా బ్యానరు, ప్రసంగం, ఆహ్వాన పత్రిక, ప్రతిజ్ఞ మారతాయి; వీటన్నిటినీ రాసే కింది ఉద్యోగికి ఆ రోజుకు ఒక స్థిరమైన రూపమంటూ ఎన్నటికీ చిక్కదు.

ఇతర దేశాల్లో ఈ పని ఎలా సాగుతోంది? లండన్‌లో 1484 నుంచి కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ ఉంది. అందులోని పదముగ్గురు అధికారులు వంశచిహ్నాల పట్టీలను కనిపెట్టుకుంటూనే, రాజ్య వేడుకల్లోనూ పనిచేస్తారు. వాళ్ల ప్రధానాధికారికి రాజు ఇచ్చే జీతం ఏడాదికి 50 పౌండ్లలోపే. సంస్థ ఎక్కువగా తాను చేసే పనులకు వచ్చే రుసుములతోనే బతుకుతుంది. వీళ్లందరి మీద ఎర్ల్ మార్షల్ ఉంటాడు. 1672 నుంచి ఆ పదవి నార్ఫోక్ డ్యూకుల వంశంలోనే ఉంది. పదహారో డ్యూకు బెర్నార్డ్ 1937, 1953 పట్టాభిషేకాలను, 1965లో చర్చిల్ అంత్యక్రియలను నడిపించాడు. ఇప్పటి డ్యూకు ఎలిజబెత్ రాణి అంత్యక్రియల కోసం దాదాపు 20 ఏళ్లు సిద్ధపడ్డాడు. 2022 సెప్టెంబరు 8న ఆమె కన్నుమూస్తే 19న ఆ కార్యక్రమం ముగిసింది, ఎనిమిది నెలలు తిరగకుండానే పట్టాభిషేకమూ జరిగింది. రెండు పట్టాభిషేకాల మధ్య 70 ఏళ్ల ఎడం ఉంది. అంత ఎడాన్ని దాటించగలిగినది వంశం కాదు, భద్రంగా దాచిన కాగితం. వారసత్వ పదవి మనకు అక్కర్లేదు. ఆ కాగితం కావాలి.

ఇదంతా వలస పాలకుల సరంజామా కదా అనేవాళ్ల అనుమానానికి చరిత్రలో ఆధారం ఉంది. 1877 జనవరి 1 నాటి ఢిల్లీ దర్బారులో వైస్రాయి లిట్టన్ మన సంస్థానాధీశులకు ఐరోపా పద్ధతిలో తయారుచేయించిన పతాకాలను పంచాడు. పసివాడైన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కూడా ఆ దర్బారుకు వెళ్లాడు. అక్కడ చిహ్నం పై నుంచి దిగింది, విధేయతకు గుర్తుగా. అందుకే నేను లండన్ కంటే ప్రిటోరియా వైపు చూడమంటాను. దక్షిణాఫ్రికాలో చిహ్నాల కార్యాలయం జాతీయ ప్రాచీన పత్రాల సంస్థలో ఒక విభాగం. వర్ణవివక్ష పాలన పోయి కొత్త ప్రజాస్వామ్యం వస్తున్నప్పుడు, 1993లో జెండా కోసం ప్రజలను అడిగితే 7,000కు పైగా నమూనాలు వచ్చాయి, ఏదీ కుదరలేదు. ఎన్నికలు ముంచుకొచ్చిన వేళ ఆ కార్యాలయ అధిపతి ఫ్రెడరిక్ బ్రౌనెల్ గీసిన నమూనా 1994 మార్చిలో ఆమోదం పొంది, ఏప్రిల్ 27న ఎగిరింది. తాత్కాలికమనుకున్న ఆ జెండాను జనం గుండెకు హత్తుకున్నారు. పాత పాలనలో ఏర్పడ్డ కార్యాలయమే కొత్త రాజ్యానికి అక్కరకొచ్చింది, ఎందుకంటే రంగుల గురించి, రేఖల గురించి ఏళ్ల తరబడి ఆలోచించిన మనిషి ఒకడు అక్కడ జీతం తీసుకుంటూ సిద్ధంగా ఉన్నాడు.

మనకూ ఇది సాధ్యమే. హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారం ఉంది. మొగలుల కాలం నుంచి దస్తావేజులు దాచిన చోటు అది. అందులో అయిదారుగురితో ఒక విభాగం పెట్టవచ్చు: శాసనాలు చదవగల ఒకరు, బొమ్మ గీయగల ఒకరు, తెలుగు, ఉర్దూ అక్షరాలు అందంగా రాయగల ఒకరు, కవాతు మైదానంలో జీవితం గడిపిన ఒక రిటైర్డ్ పోలీసు అధికారి, ప్రోటోకాల్ విభాగం నుంచి ఒకరు. వాళ్ల అధిపతికి నిర్ణీత పదవీకాలం ఉండాలి, ఎన్నికల ఫలితంతో కదలకూడదు. చిహ్నం మార్చాలా, ఎవరికి అధికారిక లాంఛనాలు ఇవ్వాలి, ఏ రోజును ఏ పేరుతో జరపాలి అన్న నిర్ణయాలు ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వానివే. వాటిలో ఈ విభాగం జోక్యం చేసుకోకూడదు. కానీ చిహ్నం మార్చే జీవోకు ముందు కొలతలు, రంగులు, కారణాలతో కూడిన పత్రం ఒకటి ప్రజల ముందు ఉండాలి. ప్రతి వేడుక తర్వాత నెలలోపు ఏది సరిగా జరిగింది, ఏది తప్పింది అన్నది రాసి దాచాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటి విభాగమే ఏర్పడితే, 1956 నుంచి 2014 దాకా ఉమ్మడిగా జరిగిన వేడుకల ఫైళ్ల నకళ్లను రెండూ పంచుకోవాలి.

ఆ విభాగం ఏర్పడే రోజు కోసం ఆగనక్కర్లేని పని ఒకటుంది. ప్రతి జిల్లా పరేడ్ గ్రౌండులోనూ జెండా ముడి వేసే హెడ్ కానిస్టేబుల్ ఒకరుంటారు. వచ్చే జనవరి 25 సాయంత్రం వాళ్ల పక్కన ఒక యువ ఉద్యోగి నోటుపుస్తకంతో కూర్చుని, రేకులు ఎంతసేపు ఆరాలో, మడత ఎటు నుంచి మొదలవుతుందో, ముడికి ఎన్ని చుట్లో అడిగి రాసుకోవాలి, రాసిన కాగితం కింద ఆ హెడ్ కానిస్టేబుల్ పేరు కూడా ఉండాలి.