మార్కర్ గీతలతో టైమింగ్ బెల్ట్ మారదు

విశాఖలో కార్లున్నవాళ్ల వాట్సాప్ గుంపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: డీజిల్ కారు టైమింగ్ బెల్ట్ (ఇంజిన్‌లో పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా చూసే పళ్ల పట్టీ) మార్చడం ఇంటి దగ్గర ఒక సాయంత్రం పని. స్విఫ్ట్ నుంచి ఇన్నోవా దాకా అన్నిటికీ ఒకటే పద్ధతి. బెల్ట్ మీద పగుళ్లు కనిపించకపోతే ముట్టుకోనక్కర లేదు. మార్చాల్సి వస్తే పళ్లచక్రాల మీద మార్కర్‌తో గీతలు పెట్టుకుని, అవే గీతలకు కొత్త బెల్ట్ ఎక్కించాలి. ఇంజిన్ ఇరుసులను సరైన స్థానంలో నిలిపే లాకింగ్ పిన్నులు అక్కర లేదు. వాటర్ పంపు, బెల్ట్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ అనేవి షెడ్డువాళ్లు డబ్బు కోసం అంటగట్టే సరుకు. బెల్ట్‌ను వేళ్లతో 90 డిగ్రీలు మెలితిప్పగలిగితే బిగువు సరిపోయినట్టే. ఆఖర్న తాళం తిప్పాలి. స్టార్ట్ అయితే పని బాగా జరిగినట్టు, కాకపోతే దిగుడులో తోసి చూడాలి.

ఇంటి దగ్గర చేసుకోవడానికి నేను వ్యతిరేకిని కాను. ఓపిక, తగిన పానాలు, ఆ ఇంజిన్‌కు చెందిన వర్క్‌షాప్ పుస్తకం ఉంటే మొదటిసారి చేసేవారు కూడా చేయగలరు. కానీ ఈ సందేశం ఏయే చోట్ల ఖర్చు తగ్గించుకోమంటోందో చూడండి. ఇంజిన్ బతకడానికి ఆధారమైనవి సరిగ్గా ఆ చోట్లే.

ముందు ఆ ‘ఒకటే పద్ధతి’ సంగతి. స్విఫ్ట్ 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్‌లో అసలు టైమింగ్ బెల్టే లేదు, అది గొలుసు. పాత 2.5 లీటర్ల ఇన్నోవాకు బెల్ట్ ఉంది, తర్వాత వచ్చిన ఇన్నోవా క్రిస్టా డీజిల్‌కు మళ్లీ గొలుసే. డస్టర్, వెరిటో, పోలో, వెంటో డీజిళ్లు బెల్ట్ మీద నడుస్తాయి, అయినా డస్టర్, వెరిటోల పిన్నులు పోలో, వెంటోలకు పట్టవు. లేని బెల్ట్‌ను మార్చమని చెప్పిన మనిషి మిగతావి పరీక్షించి చెప్పి ఉంటాడని నేను నమ్మలేను.

పగుళ్లు లేకపోతే మార్చనక్కర లేదన్నది రెండో మాట. పాతకాలపు రబ్బరు బెల్టులకు ఇది కొంత నిజం. ఇప్పటి బెల్టుల్లో లోపల గాజు పోగుల తాళ్లుంటాయి, పైన రబ్బరు గట్టి రకం. పైకి నున్నగా కనిపిస్తూనే పళ్ల మొదళ్ల దగ్గర బలహీనపడి తెగిపోగలవు. అందుకే తయారీదారులు కిలోమీటర్లతో పాటు సంవత్సరాల గడువు కూడా ఇస్తారు, ఏది ముందొస్తే అదే లెక్క. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు రెనో, ఫోక్స్‌వ్యాగన్ మన దేశంలో డీజిల్ కార్లు ఆపేశాయి. అంటే ఆ కార్లలో అన్నిటికన్నా కొత్తదానికి కూడా ఐదేళ్లు నిండిపోయాయి. ఎంవీపీ కాలనీ నుంచి ఆఫీసుకు, ఆదివారాలు భీమిలి దాకా తిరిగే కారు మీటరులో అంకె తక్కువే ఉండవచ్చు, బెల్ట్ వయసు మాత్రం ఆగదు.

తెగితే ఏమవుతుందో సందేశంలో ఒక్క ముక్క లేదు. డీజిల్ ఇంజిన్ గాలిని పదిహేను, పదహారు రెట్లో, అంతకన్నా ఎక్కువో నొక్కి ఆ వేడికి ఇంధనాన్ని మండిస్తుంది. అంత నొక్కాలంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు దానికి, వాల్వులుండే ఇంజిన్ పైభాగమైన హెడ్డుకు మధ్య చోటు దాదాపు ఉండదు. తెరిచి ఉన్న వాల్వును తప్పించేది బెల్ట్ కుదిర్చిన సమయం ఒక్కటే. అది పోతే పిస్టన్ వాల్వును కొడుతుంది. ఆపైన హెడ్డు దింపాల్సిందే.

ఇక మార్కర్ గీతలు. ఈ మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది వినడానికి చాలా సబబుగా ఉంటుంది. క్రాంకు (పిస్టన్ల తోపుడుకు తిరిగే ఇరుసు) పళ్లచక్రానికి 20 పళ్లున్నాయనుకోండి. ఒక్క పన్ను తేడా అంటే క్రాంకు దగ్గర 18 డిగ్రీలు. పాత బెల్ట్ తీయగానే వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి, వాల్వులను తెరిచే ఇరుసైన క్యామ్‌షాఫ్టు తనంతట తాను కొద్దిగా జరగవచ్చు, మీ గీత కూడా దానితో జరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో క్రాంకు పళ్లచక్రానికి అది జారకుండా పట్టే కీ (చిన్న లోహపు ముక్క) ఉండదు, నడిమి బోల్టు బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. ఇంకొన్నిటిలో క్యామ్ చక్రం బోల్టులు వదులు చేసి, బెల్ట్ బిగించాక అప్పుడు బిగించాలి. ఇలాంటి చోట చక్రం మీద గీసిన గీత షాఫ్టు ఎక్కడుందో చెప్పదు. పిన్ను చెబుతుంది. పైగా గీతలు కాపీ చేస్తే, ఇంతకుముందు ఎవరో ఒక పన్ను తప్పుగా వేసి ఉంటే ఆ తప్పు కూడా కాపీ అవుతుంది. ఇంజిన్ రకానికి తగ్గ పిన్నుల సెట్టు దొరకని వస్తువేమీ కాదు.

అయితే పిన్నులు కొన్నవాళ్లు చేసే పొరపాటు కూడా ఒకటుంది. పిన్ను స్థానం చూపించడానికే, బోల్టు విప్పేటప్పుడు ఇంజిన్‌ను తిరగకుండా ఆపడానికి కాదు. మన ఊరి సముద్రపు గాలికి క్రాంకు బోల్టు ఒక పట్టాన కదలదు. పిన్ను ఆధారంగా పొడుగాటి రాడ్డు వేసి లాగితే పిన్ను వంగుతుంది, లేదా విరిగి లోపల పడుతుంది. దానికి చక్రాన్ని పట్టే పనిముట్టు వేరే ఉంటుంది.

సందేశం రాసినవారికి విశాఖ వీధులు తెలియవేమో. సీతమ్మధార వైపైనా, సింహాచలం వైపైనా సగం ఇళ్ల ముందు రోడ్డు ఏటవాలే, కారును గేరులో పెట్టి వదలడం అందరికీ అలవాటు. బెల్ట్ తీసిన కారు గేరులో ఉండకూడదు. ముందు చక్రం కొంచెం తిరిగినా గేరుబాక్సు ద్వారా క్రాంకు తిరుగుతుంది, క్యామ్ మాత్రం నిలబడే ఉంటుంది. కారు కదలకుండానే వాల్వు వంగడానికి అది చాలు. ఈ పనికి చాలా కార్లలో కుడివైపు ముందు చక్రం తీయాలి, ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటు కూడా విప్పి, నూనె తొట్టి కింద చెక్క ముక్క పెట్టి జాకీతో ఆపాలి. కాబట్టి సమతలం దొరకనిదే మొదలుపెట్టవద్దు. అపార్టుమెంటు సెల్లారు నయం. గేరు న్యూట్రల్‌లో, వెనక చక్రాలకు రాళ్లు, కారు బరువు స్టాండ్ల మీద. జాకీని నమ్మి కారు కిందికి దూరకండి.

వాటర్ పంపు, టెన్షనర్ అంటగట్టే సరుకన్నది సగం నిజమైన చోట కూడా ప్రమాదకరమే. పంపు టైమింగ్ బెల్ట్‌తో తిరిగే ఇంజిన్లలో దాని బేరింగు పట్టేస్తే కొత్త బెల్ట్ కూడా చీలిపోతుంది, సీలు కారితే కూలెంట్ బెల్ట్ మీద పడుతుంది. పంపు ఫ్యాన్ బెల్ట్ వైపు ఉంటే మాత్రం దాన్ని ఇప్పుడే మార్చమని ఒత్తిడి చేసేవారిని ప్రశ్నించండి, అక్కడ సందేశంతో నాకు పేచీ లేదు. టెన్షనర్, బెల్ట్ దారి మళ్లించే ఐడ్లర్ రోలర్లు మాత్రం బెల్ట్‌తో పాటే కొత్తవి పడాలి. పక్కనున్న ఫ్యాన్ బెల్ట్‌నూ మార్చండి. అది తెగి, పీచులు టైమింగ్ బెల్ట్ కిందికి పోయి ఇంజిన్లు పోయిన సందర్భాలున్నాయి.

మెలితిప్పి చూడటం స్థిరమైన టెన్షనర్లున్న రోజుల పద్ధతి. ఇప్పటి టెన్షనర్లలో చాలావాటి మీద ముల్లు, దాని ఎదురుగా గాడి ఉంటాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రెండింటినీ కలపాలి, అంతే.

ఆఖరిది అన్నిటికన్నా చెడ్డ సలహా. తాళం తిప్పకముందు పిన్నులన్నీ తీసేసి, క్రాంకు బోల్టుకు సాకెట్ వేసి ఇంజిన్ తిరిగే దిశలోనే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది, కాబట్టి పిన్నులు మళ్లీ వాటి రంధ్రాల్లోకి సులువుగా దిగాలి. మధ్యలో గట్టిగా అడ్డు తగిలితే అక్కడే ఆపి మళ్లీ మొదటికి రావాలి. బెల్ట్ మీద ముద్రించిన గీతలు రెండు చుట్ల తర్వాత చక్రాల గుర్తులతో కలవవు, వాటిని చూసి కంగారుపడి సరిగ్గా ఉన్నదాన్ని విప్పేయకండి.

స్టార్ట్ కావడం దేనికీ రుజువు కాదు. ఒక పన్ను తప్పినా కొన్ని ఇంజిన్లు పొగ కక్కుతూ నడుస్తాయి. స్టార్ట్ కాకపోతే విప్పిన సెన్సారు ప్లగ్గులు చూడండి, డీజిల్ పైపులు విప్పి ఉంటే లోపలి గాలి తీయండి, పిన్నులు మళ్లీ పెట్టి చూడండి. దిగుడులో మాత్రం తోయకండి. చేతిలో సాకెట్ ఉంటే వాల్వు తగిలిన సంగతి మణికట్టుకు తెలుస్తుంది. టన్ను బరువున్న కారు దిగుడులో జారుతూ క్రాంకును తిప్పుతుంటే అది తగిలినా ఎవరికీ తెలియదు, తెలిసినా ఆపలేరు.