మూడో వరుస దగ్గర ఆగిన పిల్లల్ని కసరకండి

మా మేనల్లుడు ఇంజనీరింగ్ రెండో ఏడు. మొన్న ఆదివారం బ్రాడీపేటలో మా ఇంటికొచ్చి, డిస్క్రీట్ మ్యాథ్స్ నోట్సు ముందేసుకుని "టీ, ఎఫ్, టీ, టీ" అంటూ బట్టీ పడుతున్నాడు. ఏమిట్రా అది అన్నా.

"'పి అయితే క్యూ' ట్రూత్ టేబుల్ మావయ్యా. పి, క్యూ అంటే ఏవో రెండు వాక్యాలు. రెండూ నిజం, పి ఒక్కటే నిజం, క్యూ ఒక్కటే నిజం, రెండూ తప్పు అని నాలుగు వరుసలు. ఒక్కో వరుసలో 'పి అయితే క్యూ' అన్న మొత్తం మాట నిజమైతే టీ, తప్పయితే ఎఫ్. పి తప్పయితే చాలు, క్యూ ఏదైనా మొత్తం నిజమేనట. ఎందుకు సార్ అంటే డెఫినిషన్ అంతే, రాసుకో అన్నారు."

నాకు ఒళ్లు మండిపోయింది. క్లాసులో అడగాల్సిన ప్రశ్నే అది! గ్రీసులో ఫిలో అనే ఆయన దాదాపు 2,300 ఏళ్ల కిందట ఈ నియమం చెబితే, గురువు డయోడరస్ ఒప్పుకోలేదు. మిద్దెల మీద కాకులు కూడా ఈ తగువే అరుస్తున్నాయని అప్పటి కవి ఒకాయన అన్నాడు. అంత గొడవ జరిగినచోట మా వాడు తడబడితే తప్పా?

మిర్చి యార్డు లెక్కలో చెప్పా. కమీషన్ వ్యాపారి మీ తాతతో "రేపు నీ మిర్చి టిక్కీలు (బస్తాలు) అమ్ముడైతే సాయంత్రానికి పదివేలు చేతిలో పెడతా" అన్నాడనుకో. అమ్ముడయ్యాయి, ఇచ్చాడు. మాట నిలబెట్టుకున్నాడు. అమ్ముడయ్యాయి, ఇవ్వలేదు. మాట తప్పాడు. అమ్ముడవలేదు, అయినా ఇంట్లో పెళ్లుందని తెలిసి ఇచ్చాడు. ఆ మనిషిని అబద్ధాలకోరు అంటామా? అమ్ముడవలేదు, ఇవ్వలేదు. ఏమని నిలదీస్తాం? నాలుగింట్లో మాట తప్పింది ఒక్కచోటే. ఎఫ్ అక్కడే.

వాడు ఊరుకోలేదు. "మాట తప్పకపోతే నిజమైపోతుందా? తెలీదని రాయొచ్చుగా?"

మంచి ప్రశ్న. అప్పుడు అంకెల్లోకి దిగాం. ఏ సంఖ్యనైనా 4 నిశ్శేషంగా భాగిస్తే, 2 కూడా భాగిస్తుంది. దీన్నెవరూ కాదనరు. ఏ సంఖ్యైనా అన్నాం కాబట్టి 6, 7 కూడా లెక్కలోకొస్తాయి. 6 పెడితే మొదటిది తప్పు, రెండోది నిజం. 7 పెడితే రెండూ తప్పు. అక్కడ ఎఫ్ అని రాసినా, తెలీదని వదిలేసినా ఈ సూత్రం అన్ని సంఖ్యలకూ నిలవదు. మొదటిది నిజమై రెండోది తప్పయ్యే సంఖ్య మాత్రం ఎంత వెతికినా దొరకదు.

పదివేలు ముట్టాయి కాబట్టి సరుకు అమ్ముడైనట్టే అనుకునేవాళ్లు ఎంతమంది! మూడో వరుస అర్థమైతే ఆ పొరపాటు చెయ్యరు. మాట మీద నిలబడే మనిషి డబ్బివ్వలేదంటే, సరుకు పోలేదని మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు. సెమిస్టరంతా చేయించే ప్రూఫులు దీనిమీదే నడుస్తాయి. దీనికి పది నిమిషాలు కేటాయించలేరా?

వెళ్లేముందు వాడు మూడో వరుస పక్కన పెన్సిలుతో రాసుకున్నాడు: "అమ్ముడవలేదు, అయినా ఇచ్చాడు."