కూలింగ్ ప్యాడ్ కొనే ముందు రెండు సీసా మూతలు పెట్టి చూడండి

గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నానని ఎవరికైనా చెప్పి చూడండి, వెంటనే "మరి కూలింగ్ ప్యాడ్ తీసుకున్నావా?" అంటారు. (అంటే ల్యాప్‌టాప్ కింద పెట్టే, ఫ్యాన్లున్న పలక.) ఆ ల్యాప్‌టాప్ గాలి ఎటువైపు నుంచి పీలుస్తుంది, ఎటు వదులుతుంది, అసలు ఎంత వేడెక్కుతోంది, ఇవేవీ అడగరు. నన్నూ అలాగే అడిగారు, నేనూ అలాగే కొన్నాను. ఐదు ఫ్యాన్లు, నీలం లైట్లు. రాత్రిపూట గదిలో అది వెలుగుతుంటే ఏదో పెద్ద పనే చేస్తోందని చాలాకాలం నమ్మాను.

ఒకరోజు గేమ్ మధ్యలో ఎఫ్‌పీఎస్ (సెకనుకు స్క్రీన్ మీద మారే బొమ్మల సంఖ్య) పడిపోతుంటే విసుగొచ్చి లెక్క తేల్చుకుందామని కూర్చున్నాను. టెంపరేచర్లు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఆన్ చేసి, ఒకే గేమ్, ఒకే మ్యాప్, అరగంట చొప్పున ఆడాను. ల్యాప్‌టాప్ నేరుగా టేబుల్ మీద ఉన్నప్పుడు ప్రాసెసర్ 95 డిగ్రీలు. ప్యాడ్ మీద పెడితే 91. ఫర్వాలేదే అనుకున్నాను. అంతలో కాలు తగిలి ప్యాడ్ యూఎస్‌బీ కేబుల్ ఊడిపోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి, లైట్లు ఆరిపోయాయి. టెంపరేచర్ మాత్రం అదే 91. మళ్లీ అరగంట ఆడినా 91 దగ్గరే ఉంది.

అంటే ఇన్నాళ్లూ పని చేసింది ఫ్యాన్లు కాదు, ప్యాడ్ ఎత్తు. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లు అడుగున ఉన్న కన్నాల్లోంచి గాలి పీల్చి, వెనక నుంచో పక్కల నుంచో వేడి గాలి వదులుతాయి. కింద రబ్బరు కాళ్లు ఇచ్చే సందు కొన్ని మిల్లీమీటర్లే. వెనకవైపు ఇంకాస్త లేపితే లోపలి ఫ్యాన్లకు ఊపిరి ఆడుతుంది. ఆ పని రెండు సీసా మూతలు కూడా చేస్తాయి. మూతలతో చూశాను కూడా, 92 వచ్చింది. ఒక్క డిగ్రీ కోసం ఐదు ఫ్యాన్లా!

మామూలు ప్యాడ్‌కి కరెంటు వచ్చేది ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టు నుంచే. పాత రకం యూఎస్‌బీ 2.0 పోర్టు అయితే ప్రమాణం ప్రకారం ఇచ్చేది 2.5 వాట్లు. దాంతో తిరిగే ఫ్యాన్ల గాలి ఎంత బలంగా ఉంటుంది? పైగా అది గదిలో ఉన్న గాలే, ఏసీ గాలి కాదు. ఇంకో తమాషా, నా ప్యాడ్‌లో పెద్ద ఫ్యాన్ ఉన్నచోట నా ల్యాప్‌టాప్ అడుగున కన్నాలే లేవు. అన్నాళ్లూ అది ప్లాస్టిక్‌కి విసిరింది. ఒక టిష్యూ కాగితం తీసుకుని అడుగున అటూ ఇటూ జరపండి. ఎక్కడ అతుక్కుంటుందో గాలి పీల్చేది అక్కడే.

చుట్టూ ఫోమ్ అంచు ఉండి, గాలి బయటికి పోకుండా లోపలికి నెట్టే బ్లోయర్ రకాల సంగతి వేరు. వాటితో చాలా ల్యాప్‌టాప్‌లలో తేడా బాగానే కనిపిస్తుంది. కాకపోతే ఫుల్ స్పీడులో ఆ మోత హెడ్‌ఫోన్స్ లేకుండా భరించలేం. ఫిల్టర్ లేకపోతే గాలితో పాటు దుమ్మునూ లోపలికి నెడతాయి.

నా అసలు సమస్య లోపల ఉంది. అడుగు మూత విప్పి చూస్తే ఫ్యాన్‌కీ, దాని ముందున్న సన్నటి లోహపు రేకులకీ మధ్య దుమ్ము చాపలా పేరుకుపోయింది. పట్టకారుతో లాగితే ఒకే ముక్కగా ఊడొచ్చింది. వెలుతురుకి పట్టి చూస్తే అవతలిది కనిపించలేదు. ఇన్నాళ్లూ గాలి ఎటు పోయిందో మరి! శుభ్రం చేసి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని పైనున్న లోహానికి చేరవేసే పూత) మార్చాక 83కి దిగింది. తర్వాత ఎఫ్‌పీఎస్‌కి 90 దగ్గర లిమిట్ పెట్టాను. ఇంకో ఐదు డిగ్రీలు తగ్గింది, ఫ్యాన్ల గోలా తగ్గింది. (మీ ల్యాప్‌టాప్ వారంటీలో ఉంటే మూత విప్పే ముందు షరతులు చదవండి. బ్రష్‌తో తుడిచేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకోండి.)

"90 డిగ్రీలు దాటిందంటే చిప్ కాలిపోతుంది" అని భయపెట్టేవాళ్ల మాట విని టెన్షన్ పడకండి. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లకు హద్దు 100 డిగ్రీల దగ్గర, ఏఎండీ వాళ్ల రైజెన్ చిప్‌లకు మోడల్‌ని బట్టి 95 నుంచి 105 మధ్య ఉంటుంది. అక్కడికి చేరితే అవే స్పీడు తగ్గించుకుంటాయి. చూడాల్సింది ఆ స్పీడు పడిపోతోందా లేదా అని. పడిపోకపోతే ఏమీ కొనక్కర్లేదు. పడిపోతుంటే ముందు వెనకవైపు లేపి చూడండి, తర్వాత దుమ్ము చూడండి. మంచం మీద దుప్పటిపై పెట్టి ఆడుతూ వేడెక్కుతోంది అనేవాళ్లకి నా దగ్గర జవాబు లేదు, ఒక చెక్క పలక వేసుకోండి బాబూ.

స్టాండ్ మాత్రం కొనుక్కోండి. వేడి కోసం కాకపోయినా మెడ కోసం. స్క్రీన్ కంటి ఎత్తుకి వస్తుంది. కాకపోతే కీబోర్డు విడిగా ఉండాలి, ఏటవాలుగా లేచిన కీల మీద గంటసేపు ఆడితే మణికట్టు పట్టేస్తుంది.

నా ప్యాడ్ ఇప్పటికీ టేబుల్ మీదే ఉంది, ల్యాప్‌టాప్ కిందే. దాని కేబుల్ ఎక్కడ పడేశానో గుర్తులేదు.