సవరణ: ఎర్ర రక్తకణం, దాని కేంద్రకం

కిందటి వారం సిరొంచలోని తొమ్మిదో తరగతి పిల్లల కోసం రాసిన పాఠంలో, ఎర్ర రక్తకణానికి పుట్టుకతోనే కేంద్రకం ఉండదని, ఏ జంతువులోనైనా ఇంతేనని రాశాను. ఆ రెండు మాటలూ తప్పు. చదివినవారు దయచేసి దిద్దుకోగలరు.

ఎముక మజ్జలో తయారవుతున్నప్పుడు ఈ కణానికి కేంద్రకం ఉంటుంది. ఆక్సిజన్‌ను మోసే ప్రోటీనైన హిమోగ్లోబిన్‌తో నిండి పక్వమయ్యే దశలో దాన్ని బయటికి నెట్టివేస్తుంది, ఆక్సిజన్‌ను వాడుకుని శక్తినిచ్చే భాగాలైన మైటోకాండ్రియాలనూ వదులుకుంటుంది. అందువల్లనే తాను మోసే ఆక్సిజన్‌ను తాను వాడుకోకుండా, గ్లూకోజును ఆక్సిజన్ లేకుండానే విడగొట్టి శక్తి పొందుతుంది; కొత్త ప్రోటీన్లు తయారుచేసుకోలేక సుమారు 120 రోజులకు నశిస్తుంది. ఇది మనుషుల వంటి క్షీరదాల సంగతి. కోళ్లు, కప్పలు, చేపల కణాల్లో కేంద్రకం అలాగే ఉంటుంది. ఆదివారం కోడిని కోసినచోట తెచ్చిన రక్తపు బొట్టును గాజుపలకపై పలుచగా పరిచి, రంగు వేసి చూస్తే, కోలగా ఉన్న ప్రతి కణం నడుమా ఊదారంగు చుక్క కనిపించింది. పిల్లలే ముందు గుర్తించారు.

మన గడ్చిరోలి జిల్లాలో ఎన్నో కుటుంబాలను బాధిస్తున్న సికిల్‌సెల్ వ్యాధికి కణపు పొరలోని లోపమే మూలమని రాసినదీ సరికాదు. హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ అనే అమైనో ఆమ్లాల గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ అనే మరో అమైనో ఆమ్లం చేరడం వల్ల, ఆక్సిజన్ తగ్గినప్పుడు హిమోగ్లోబిన్ అణువులు పోగుల్లా అతుక్కుని కణాన్ని కొడవలిలా వంచుతాయి.