చట్టం ఉంటే సరిపోద్దా
కఠిన చట్టాలు చేస్తే చాలు, అవినీతి తగ్గి శాంతి దానంతటదే వస్తుందని ఎవరో రాశారు, నాకైతే అంత నమ్మకం లేదు. అవినీతి నిరోధక చట్టం 1988 నుంచే ఉంది కదా, అందులో 2018లో 17ఏ అనే సెక్షన్ చేర్చి ఆఫీసర్ తీసుకున్న నిర్ణయం మీద ఎంక్వైరీకి కూడా ముందు పర్మిషన్ కావాలన్నది మన పార్లమెంటే. సభలో ఓటుకి లంచం తీసుకున్న ఎంపీ, ఎమ్మెల్యేల మీద కేసు పెట్టొచ్చని చెప్పడానికి, అలా పెట్టకూడదన్న 1998 తీర్పు కొట్టేసి 2024లో సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీలు కూర్చోవాల్సొచ్చింది, మధ్యలో ఇన్నేళ్లు మన ఎంపీలు ఏం చేశారో మరి. ఇక శాంతి అంటారా, 2023లో ఇక్కడ హైదరాబాద్‌లో వినాయక నిమజ్జనం, ముస్లింల మిలాద్ పండుగ ఒకేరోజు పడితే మిలాద్ ఊరేగింపు తర్వాతకి వాయిదా వేసుకున్నారు, కూర్చుని మాట్లాడుకునే కదా, బిల్లు పెట్టి కాదుగా. మా ఏరియాలో ఇప్పటికీ చిన్న సర్టిఫికెట్‌కి కూడా చెయ్యి తడపందే ఫైలు కదలదు, దాని మీద అసెంబ్లీలో ఒక్క ప్రశ్న అడగమనండి చూద్దాం.