కొలను ఏ ఆకారంలో తవ్విస్తే గిట్టుబాటు?

మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు ఫామ్‌హౌస్ కట్టుకుంటున్నవాళ్లకి కంటి మీద కునుకు లేకుండా చేస్తున్నది వానలూ కాదు, పంటలూ కాదు. ఈత కొలను దీర్ఘచతురస్రమా, గుండ్రమా, ఎల్ ఆకారమా, కిడ్నీ ఆకారమా? ఇంత గంభీరమైన సమస్య మీద ఒక్క అఖిలపక్షమైనా పిలవకపోవడం విచారకరం.

లెక్కలోకి దిగుదాం. 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పుతో తవ్విస్తే 450 చదరపు అడుగుల కొలను, చుట్టూ 90 అడుగుల గోడ. అంతే విస్తీర్ణం గుండ్రంగా తవ్విస్తే గోడ దాదాపు 75 అడుగులే. ఈ ఆనందం సెంట్రింగ్ మేస్త్రి వచ్చేదాకా ఉంటుంది. పలకలు వంగవు, టైల్స్ వంగవు, ఆయన రేటు అసలే వంగదు. ఎల్ ఆకారం మరీ విడ్డూరం. 30 బై 20 కొలనులో ఒక మూల 15 బై 10 ముక్క తీసేయండి. నీళ్లున్న చోటు 150 చదరపు అడుగులు తగ్గుతుంది, గోడ మాత్రం అదే 100 అడుగులు, అంగుళం తగ్గదు.

ఇక అందరి మనసూ దోచిన కిడ్నీ. ఇలాంటి వంపుల కొలనుకి పేరు తెచ్చింది థామస్ చర్చ్ అనే తోటల రూపశిల్పి, 1948లో, కాలిఫోర్నియాలోని సొనోమాలో. అక్కణ్ణించి చూస్తే దిగువన ఉప్పు చిత్తడి నేలల్లో మెలికలు తిరిగే పాయలు కనిపిస్తాయి గనక కొలనుకీ ఆ మెలికే ఇచ్చాడు. మనకు ఎదురుగా కనిపించేది పక్క ప్లాటాయన ప్రహరీ, దాని మీద గాజు పెంకులు. పరిసరాలను అనుసరించాలంటే మన కొలనూ తిన్నగా, నాలుగు మూలలతో ఉండాల్సిందే.

సిద్ధాంతిగారి మాటా అదే. నీళ్లు ఈశాన్యంలో ఉండాలి, ఏ మూలా తెగకూడదు. అసలు మూలే లేని కిడ్నీని చూసి పాపం ఆయన దిక్సూచి జేబులో పెట్టేసుకున్నారు. మేస్త్రీ సిద్ధాంతీ ఒకే మాట మీద నిలబడటం శుభసూచకమే.

అయితే గిట్టుబాటు దేనికి లెక్కగట్టాలి? ఈతకా? యజమాని మోకాళ్లదాకా దిగి, ఫోటో దిగి, తువ్వాలు చుట్టుకుంటాడు. కాబట్టి ఖర్చును ఫోటోల సంఖ్యతో భాగించాలి. డ్రోన్ కంటికి మాత్రం కిడ్నీయే అందం. ఇక్కడ నా వాదన కొంచెం బలహీనపడిందని గమనించే ఉంటారు.

వేసవి దాన్ని మళ్లీ నిలబెడుతుంది. సగటున నాలుగున్నర అడుగుల లోతుంటే ఆ 450 చదరపు అడుగుల్లో పట్టేది 57 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పదకొండు పోసినా ఇంకా వెలితే. మే నెలలో బోరు ఎండిపోతే ఖాళీ గొయ్యి మిగులుతుంది. 1976–77 కరవులో కాలిఫోర్నియా కుర్రాళ్లు ఎండిన కొలనుల్లో స్కేట్‌బోర్డులు తిప్పారు, అక్కడి కొలనుల గోడలు గిన్నెలా నున్నగా అడుగులో కలిసిపోతాయి గనక. మన నిటారు గోడల దగ్గర బోర్డు ఆగుతుంది, కుర్రాడు ఆగడు.

మిగిలింది మిరపకాయలు ఎండబెట్టడం. టార్పాలిన్ దీర్ఘచతురస్రమే. కిడ్నీలో పరిస్తే అంచులు మడవాలి, ఓ బస్తా కాయలకి చోటు పోతుంది. కనక నాలుగు మూలల కొలనే తవ్వించండి, మెట్లు మాత్రం మరవకండి. కాయలు తిరగేయడానికి రోజూ రెండు పూటలా మీరు అందులో దిగాలి.