కుదుళ్ల దగ్గర తేలే లెక్క

తలకు వేసే రంగును చాలామంది ఒకసారి పెట్టి వదిలేసే ఖర్చుగా చూస్తారు కానీ, నిజానికి అది నెలనెలా కట్టవలసిన వాయిదా. జుట్టు నెలకు సుమారు అరంగుళం పెరుగుతుంది. ముదురు గోధుమ రంగు జుట్టున్న స్త్రీ దాన్ని బంగారు వన్నెకు మార్చుకుంటే, ఐదారు వారాలు తిరిగేసరికి పాపిట వెంబడి అసలు రంగు గీతలా బయటపడుతుంది. దాన్ని కప్పాలంటే మళ్లీ సెలూన్‌కు వెళ్లి, మళ్లీ బ్లీచ్ చేయించుకుని, అమెరికాలోనైతే బిల్లుకు తోడు టిప్పు కూడా ఇచ్చి రావాలి. 2025లో అక్కడ దిగుమతి సుంకాలు, ధరలు, ఉద్యోగాల గురించిన బెంగ ముదిరిన రోజుల్లో, కుదుళ్ల దగ్గర ముదురుగానూ కొసల దగ్గర మాత్రమే పసిమిగానూ ఉన్న తలలకు యువతులు సరదాగా ‘రిసెషన్ బ్లాండ్’, అంటే మాంద్యపు బంగారు జుట్టు, అని పేరు పెట్టుకున్నారు. ఆ సరదా వెనుక ఉన్నది ఈ వాయిదా తప్పడమే.

దీన్ని పట్టుకుని, మాంద్యం వస్తే జనం ముదురు రంగులకు, మంచి రోజులొస్తే లేత రంగులకు మళ్లుతారని సూత్రీకరించేవారున్నారు. నాకు ఆ సూత్రం మీద నమ్మకం లేదు. ఆర్థిక పరిస్థితి నేరుగా మార్చేది మనిషి అభిరుచిని కాదు, సెలూన్‌కు ఒకసారి వెళ్లడానికీ మరోసారి వెళ్లడానికీ మధ్య ఉండే ఎడాన్ని. ఆ ఎడం పెరిగినా తల చిందరవందరగా కనిపించకుండా కాపాడే పద్ధతి ఏదైతే ఉందో, దానికి తరువాత ఫ్యాషన్ అనే హోదా దక్కుతుంది. 1970ల్లో ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకున్న బాలయాజ్ పద్ధతిని చూడండి. అందులో కుదుళ్లను వదిలేసి, జుట్టు మధ్య నుంచి కొసల దాకా బ్రష్షుతో చేత్తోనే రంగు పూస్తారు. గీత పడదు కాబట్టి మూడు నాలుగు నెలలు సెలూన్ మొహం చూడనక్కర్లేదు. ఒక్కసారికి అయ్యే ఖర్చు ఎక్కువే అయినా ఏడాది మొత్తం మీద తక్కువ పడుతుంది. అందువల్ల ఇది పేదరికపు ఫ్యాషన్ కాదు, లెక్క చూసుకునే మధ్యతరగతి ఫ్యాషన్.

రంగుల సూత్రానికి అన్నిటికన్నా పెద్ద దెబ్బ చరిత్రలోనే ఉంది. మహా మాంద్యం అమెరికాను పిండి చేస్తున్న 1931 ప్రాంతంలోనే జీన్ హార్లో అనే నటి దాదాపు తెల్లటి ప్లాటినం జుట్టుతో తెరను ఏలింది, లెక్కలేనంతమంది స్త్రీలు ఆమెను అనుకరించారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ మందుల షాపులో చవగ్గా దొరికే సరుకు, వంటింట్లోనే పూసుకోవచ్చు. చేతిలో డబ్బు ఆడనప్పుడు కరువయ్యేది రంగు కాదు, మరొకరి చేతి పనికి ఇచ్చే కూలి. కష్టకాలంలో లిప్‌స్టిక్ అమ్మకాలు పెరుగుతాయని 2001 తరువాత ఎస్టీ లాడర్ సంస్థ అధిపతి లెనార్డ్ లాడర్ ప్రచారంలో పెట్టిన సూచికకూ ఇదే గతి పట్టింది. 2020లో మాస్కు మూతిని కప్పేయగానే అది బోర్లాపడింది. ఆ ఏడాది నెరిసిన తలలు ఎక్కువగా కనిపించడాన్ని కూడా మాంద్యం ఖాతాలో వేయలేం. జేబు ఖాళీ కాకముందే సెలూన్లు మూతపడ్డాయి.

మన దగ్గర ఇదే వాయిదా మరో రకంగా నడుస్తుంది. తెలుగు పట్టణాల్లో తలకు రంగు వేసుకునేవారిలో అధికులు కొత్త రంగు కోరుకునేవారు కారు, ఉన్న నలుపును నిలుపుకోవాలనుకునేవారు. యాభై దాటిన సేల్స్ ఉద్యోగికీ, పెళ్లిచూపులకు కూతురితో పాటు కూర్చోవలసిన తండ్రికీ తెల్ల వెంట్రుక అనేది వయసును, దాంతోపాటు విలువను బయటపెట్టే సాక్ష్యం. అలాంటి ఖర్చును చేతులు కట్టేసిన నెలలో కూడా మానుకోవడం కష్టం, పైగా పని పోతుందన్న భయం ఉన్న నెలలోనే అది మరింత అవసరమనిపిస్తుంది. అందుకే ఇక్కడ సాగినది ఎడం కాదు, కుంచించుకున్నది పొట్లం. షాంపూ నడిచిన దారిలోనే రంగు కూడా సాచెట్‌లోకి దిగింది. 2012లో గోద్రెజ్ తన క్రీమ్ రంగును 30 రూపాయల పొట్లంగా కిరాణా కొట్టుకు చేర్చింది. పూయడానికి భార్యో, కొడుకో, మూల మీది మంగలి షాపో ఉండనే ఉన్నాయి. మనిషి పనికి విలువ తక్కువైన చోట సామగ్రి ధరే ఫ్యాషన్‌ను నిర్ణయిస్తుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి సెలూన్ సేవలపై జీఎస్టీని 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించడం కూడా ఈ కోణంలో చూడదగ్గదే. ఏటా 20 లక్షల రూపాయల లోపు వ్యాపారం చేసే మూల మీది షాపు అసలు ఆ పన్ను పరిధిలోనే లేదు. కాబట్టి ఊరట దక్కేదల్లా ఏసీ సెలూన్‌లో హైలైట్స్ వేయించుకునే గిరాకీకే, అది కూడా ఇన్‌పుట్ క్రెడిట్‌ను, అంటే తాను కొన్న సరుకుపై కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునే వీలును, కోల్పోయిన యజమాని ఆ తగ్గింపును పూర్తిగా దాటించినప్పుడే.

రంగు కన్నా ఖరీదైనది పొడవు. మన అమ్మమ్మలు జడలో కలిపి అల్లుకున్న సవరానికీ, అమెరికాలో ఎక్స్‌టెన్షన్ పేరుతో కుట్టించుకునే జుట్టుకూ సూత్రం ఒకటే. తేడా ఏమిటంటే అక్కడ దాన్ని కొన్ని వారాలకొకసారి విప్పి మళ్లీ కుట్టించుకోవాలి. ఆ జుట్టులో కొంత తిరుమల కల్యాణకట్టలో సమర్పించిన తలనీలాలది, మరికొంత స్టీలు గిన్నెలకు బదులుగా ఇళ్ల ముందు తూచి కొన్న చిక్కు వెంట్రుకలది. చేయి బిగిసినప్పుడు అక్కడి గిరాకీ సింథటిక్ జుట్టుకో సొంత జుట్టుకో మళ్లగలదు. అప్పుడు ఏలూరు ప్రాంతంలో వెంట్రుకలను దువ్వి, పొడవుల వారీగా కట్టలు కట్టే స్త్రీలకు ఆ నెలలో పని దొరికే రోజులు తగ్గుతాయి.